గోరువెచ్చని నీళ్లకు బ్యాచ్ నంబరు

నాలుగేళ్లలోపు పిల్లలకు దగ్గు సిరప్పులు ఇవ్వకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చిన రోజున మా చినతుమ్మాడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అందరం సంతోషించాం. పదిహేడేళ్లుగా జూనియర్ అసిస్టెంటుగా ఉత్తర్వులు ఫైలు చేస్తున్నాను. ఒక్కసారి చదివితే అర్థమైన ఉత్తర్వు నాకు తెలిసి అదే. జలుబుతో వచ్చే దగ్గుకి పసివాళ్లలో ఆ సిరప్పు పనిచెయ్యదట, పైగా మత్తు కమ్మి ఊపిరి మందగించే ప్రమాదం ఉందట. ఇంత పెద్ద సంగతిని నాలుగు వాక్యాల్లో తేల్చేసిన మహానుభావుడెవరో గాని, అతణ్ణి ఆ తర్వాత ఆ సీట్లో ఉంచి ఉండరని నా అనుమానం.

మా నర్సు గౌరీశ్వరి ఆ కాగితం రెండుసార్లు చదివింది. ఉన్న సిరప్పు సీసాలన్నీ అట్టపెట్టెలో సర్ది, బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మెడలో గొలుసుకి తగిలించుకుంది. ఎన్నో ఏళ్లుగా తను నోటితో చెబుతున్న మాట ఇన్నాళ్లకి కాగితమ్మీదకి ఎక్కిందని ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

వారం తిరక్కుండా రెండో ఉత్తర్వు వచ్చింది. దానితోపాటు 'శ్వాస దర్శిని' అనే యాప్ కూడా వచ్చింది. ఐదేళ్లలోపు పిల్లల్లో దగ్గు, జలుబు కేసులన్నీ అందులో ఎక్కించాలి. బిడ్డ పేరు, వయసు, ఇచ్చిన మందు, దాని బ్యాచ్ నంబరు, తయారీదారు, గడువు తేదీ, చివర ఇచ్చినవారి వేలిముద్ర. ఏ గడి ఖాళీగా ఉన్నా కేసు మూతపడదు. 'మందు ఇవ్వలేదు' అని రాసే వీలు అందులో లేదు. ఆస్పత్రికి వచ్చిన మనిషిని మందు లేకుండా పంపడం అనేది ఆ యాప్ తయారుచేసినవారి ఊహకు అందలేదు. వాళ్లననడానికేముంది, మా రోగుల ఊహకూ అందదు.

జిల్లా శ్వాస సంక్షేమ పర్యవేక్షణాధికారి చిదంబరేశ్వరరావుగారికి ఫోన్ చేశాను. ఆయన ఏ మాటనైనా 'కావున'తో మొదలుపెడతారు. ఆ ముందు జరిగిన వాదన ఆయన మనసులోనే ముగిసిపోయి ఉంటుంది.

"కావున రెండు ఉత్తర్వులూ అమలులో ఉన్నాయి. మందు ఇవ్వరాదు. ఇచ్చిన మందు వివరములు నమోదు చేయకుండానూ ఉండరాదు. క్షేత్రస్థాయి సిబ్బంది రెండింటినీ సమన్వయపరచుకొనవలెను" అన్నారు.

అలాగేనండి అన్నాను. పదిహేడేళ్లలో నాకు బాగా వంటబట్టిన మాట అదొక్కటే.

మొదట వచ్చిన కేసు మోక్షిత్. పద్నాలుగు నెలలవాడు. తల్లి నారమిల్లులో పనికి పోతుంది, తండ్రి పొరుగు రాష్ట్రంలో తాపీ పని చేస్తాడు. పిల్లాణ్ణి చూసుకునేది నాయనమ్మ బంగారమ్మ. ముక్కు కారుతూ దగ్గుతున్నవాణ్ణి చంకనేసుకుని వచ్చింది. కొంగులో పక్కింటివాళ్లు ఇచ్చిన సగం సిరప్పు సీసా ఉంది. గౌరీశ్వరి ముందు ఆ సీసా పుచ్చుకుంది. తర్వాత పిల్లాడి చొక్కా పైకెత్తి, చేతి గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టింది. ఆమె లెక్కపెడుతున్నంతసేపు మా ఆస్పత్రిలో ఎవరూ మాట్లాడరు. జిల్లా నుంచి ఫోనొచ్చినా ఎత్తం. ముప్పై రెండు వచ్చింది. ఏడాది దాటిన పిల్లలకి నలభైలోపు ఉంటే న్యుమోనియా భయం లేదని ఆమె లెక్క.

ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేసి మెత్తని గుడ్డతో తుడవమంది. అడిగినప్పుడల్లా తల్లిపాలు, మధ్యమధ్య గోరువెచ్చని నీళ్లు పట్టమంది. ఏడాది దాటాడు గనక పడుకోబోయే ముందు అరచెంచా తేనె నాకించవచ్చు, ఏడాదిలోపు పిల్లలకైతే తేనె చుక్క కూడా తగలనివ్వద్దంది. మరిగే నీళ్ల గిన్నె దగ్గర ఆవిరి పట్టడాలు, ముక్కుకి ఘాటు మందులు రాయడాలు పనికిరావంది.

బంగారమ్మ అంతా విని, "అయితే మందేటీ నేదా తల్లీ?" అంది.

"ఇప్పుడు చెప్పిందే మందు. ఎగపోసినా, డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగడం మానేసినా మాత్రం రేపు మాపు అనకు. చేతిలో పని చేతిలో వదిలేసి ఎత్తుకొచ్చెయ్" అంది గౌరీశ్వరి.

తొమ్మిది రోజులకి దగ్గు పోయింది. ఆ కబురు చెప్పడానికి బంగారమ్మ పెరట్లో కాసిన బీరకాయలు పట్టుకుని మరీ వచ్చింది. పిల్లాడు నా బల్లమీది స్టాంపు ప్యాడు నోట్లో పెట్టుకుని నీలంగా నవ్వాడు. యాప్‌లో మాత్రం వాడి పేరు ఎర్రగా వెలుగుతూనే ఉంది. మందు గడి ఖాళీ గనక దగ్గు కొనసాగుతున్నది.

ఎరుపు రంగు చూస్తే నాకు నిద్రపట్టదు. బాగా ఆలోచించి మందు గడిలో 'గోరువెచ్చని నీళ్లు' అని రాశాను. యాప్ ఏమీ అనకుండా తీసుకుంది. బ్యాచ్ నంబరు అడిగింది. 'బోరింగు, పంచాయతీ ఆఫీసు పక్కది' అన్నాను. గడువు అడిగితే గౌరీశ్వరిని అడిగాను. గ్లాసులో పోశాక పన్నెండు నిమిషాలు వెచ్చగా ఉంటాయంది. అదే రాశాను. ఆ పూట ప్రశాంతంగా భోంచేశాను.

మూడోరోజున జిల్లా నుంచి శ్రీముఖం వచ్చింది. పన్నెండు నిమిషముల గడువు గల మందును నిల్వ చేయుటకు తీసుకున్న ఏర్పాట్లు తెలుపవలెను. గడువు తీరిన నీటిని త్రిసభ్య సంఘం సమక్షంలో ధ్వంసం చేసి పంచనామా పంపవలెను. మా డాక్టరు వారానికి రెండు రోజులే వస్తారు గనక నేనూ, గౌరీశ్వరీ, ఆస్పత్రి బండి నడిపే సింహాద్రీ కలిసి సంఘమయ్యాం. ఒక గ్లాసుడు చల్లారిన నీళ్లు కనకాంబరం మొక్కల మొదట్లో పోసి సంతకాలు చేశాం. మొక్కలకి ఏమీ కాలేదని పంచనామాలో ప్రత్యేకంగా రాశాను.

తర్వాత నాణ్యత పరీక్ష నిమిత్తం నమూనా పంపమన్నారు. సింహాద్రి సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసుకుని నలభై కిలోమీటర్లు తీసుకెళ్లి అప్పగించాడు. పదకొండో రోజున నివేదిక వచ్చింది: 'నమూనా చల్లగా ఉన్నది. గోరువెచ్చదనం శూన్యం. నాణ్యత లేని సరుకుగా పరిగణించవలెను.' ఆ విధంగా మా మండలంలో గోరువెచ్చని నీళ్ల వాడకం తదుపరి ఉత్తర్వుల వరకు నిలుపుదల చేయబడింది, మోక్షిత్ పేరు మళ్లీ ఎర్రబడింది. ఆశ కొద్దీ తల్లిపాలు అని రాసి, తయారీదారు గడిలో మోక్షిత్ తల్లి పేరు పెట్టాను. ఏడు రోజుల్లో తయారీ లైసెన్సు చూపనియెడల ఉత్పత్తి ఆపివేయవలెనని ఆవిడ పేర నోటీసు వచ్చింది. దాన్ని నేను ఇవ్వలేదు. నా సర్వీసులో ఒక కాగితం చేరవలసిన చోటికి చేరకుండా ఆపడం అదే మొదలు.

వంద రోజులు దాటేసరికి మోక్షిత్ పేరు జిల్లా సమీక్షల్లో మోగిపోయింది. ఇంత దీర్ఘకాలం దగ్గుతున్న బిడ్డ మరే మండలంలోనూ లేడు. గౌరీశ్వరికి మెమో వచ్చింది. నూట ముప్పై ఏడో రోజున చిదంబరేశ్వరరావుగారు ఒక ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని స్వయంగా వచ్చారు. వస్తూనే తుమ్ముతున్నారు. ప్రయాణ బడలిక అన్నారు.

బంగారమ్మ ఇంటి అరుగుమీద కుర్చీ వేశాం. మోక్షిత్ ప్లాస్టిక్ స్టూలు తలకిందులుగా పెట్టి నేలమీద తోసుకుంటూ తిరుగుతున్నాడు. అధికారిగారు పావుగంటసేపు చెవి ఒగ్గి విన్నారు. దగ్గు వినబడలేదు.

"రికార్డు ప్రకారం బిడ్డ దగ్గవలసి ఉన్నది. బిడ్డ సహకరించుట లేదు" అన్నారు.

"మా గుంటడికి దగ్గెప్పుడో పోనాది బావూ" అంది బంగారమ్మ. "మీకే ఉన్నట్టుంది. వేన్నీళ్లు ఎట్టమంటారా?"

ఆయన ఆ మాట పట్టించుకోలేదు. కళ్లు మూసుకుని కొంతసేపు కూర్చున్నారు. తెరిచేసరికి మొహం కళకళలాడుతోంది. అధికారులకి అలాంటి కళ వచ్చినప్పుడు కింది ఉద్యోగి సెలవు చీటీ వెతుక్కుంటాడు.

"కావున నిషేధం ఎవరికి? దగ్గు, జలుబు గల నాలుగేళ్లలోపు పిల్లలకు. ఈ బిడ్డకు దగ్గు లేదని మీరే చెప్పుచున్నారు. దగ్గు లేని బిడ్డకు దగ్గు మందు ఇవ్వరాదని ఏ ఉత్తర్వులోనూ లేదు. ఒక్క చెంచా పోయండి. బ్యాచ్ నంబరు ఎక్కించండి. కేసు మూసేద్దాం."

ఆ తర్కంలో తప్పెక్కడుందో నాకు కనబడలేదు. అందుకే భయమేసింది. బంగారమ్మ స్టూలుతో సహా పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుంది. గౌరీశ్వరి మెడలో గొలుసు పట్టుకుని నిలబడింది. మెమోకి ఇంకా జవాబివ్వని మనిషి, ఇద్దరు ఆడపిల్లల్ని ఒంటిచేత్తో చదివించుకుంటున్న మనిషి. ఆవిడ కాదంటే ఉద్యోగం పోతుందని మా అందరికీ తెలుసు.

"తాళంచెవి నా దగ్గరే ఉంది సార్. ఇచ్చినవారి వేలిముద్ర అన్న గడిలో మీ వేలు పెట్టండి. ఇప్పుడే వెళ్లి సీసా తెచ్చి చెంచా మీ చేతికే ఇస్తాను" అంది.

ఆయన తన బొటనవేలు చూసుకున్నారు. అటూ ఇటూ తిప్పి కూడా చూసుకున్నారు. నా వేలివైపు చూశారు గాని నేను దాన్ని అప్పటికే జేబులో పెట్టేశాను. చివరికి, విషయంపై స్పష్టత కోరుతూ పైకి లేఖ రాయడమైనదని నా చేత రాయించారు. వచ్చినందుకు గుర్తుగా మోక్షిత్‌ని ఎత్తుకుని ఫొటో దిగారు. వాడి మొహంమీదే రెండుసార్లు తుమ్మి, దించి, కారెక్కారు.

మూడు రోజుల తర్వాత, మధ్యాహ్నం రెండింటికి, బంగారమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. చంకలో పిల్లాడు స్పృహలోనే ఉన్నాడు గాని వాలిపోయి ఉన్నాడు. ఒళ్లు కాలుతోంది. గౌరీశ్వరి చొక్కా ఎత్తింది. డొక్కలు లోపలికి పోతున్నాయి. గడియారం చూస్తూ లెక్కపెట్టింది. ఆ నిమిషం ఎంతకీ అవలేదు. యాభై ఎనిమిది.

"న్యుమోనియాలా ఉంది. పెద్దాస్పత్రికి పోవాలి, బండి తియ్యి" అంది సింహాద్రితో, ఆక్సిజన్ గొట్టం పిల్లాడి ముక్కు దగ్గర పెడుతూ.

బండి అనుమతి నంబరు లేకుండా కదలదు. కదిలితే ఇంజను దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఒకటి చేశారు, దుర్వినియోగం అరికట్టడానికి. ఆ నంబరు శ్వాస దర్శిని ఇవ్వాలి. మోక్షిత్ పేరు కొట్టాను. 'ఈ బిడ్డ దగ్గు కేసు ఇప్పటికే నడుచుచున్నది. పాత దగ్గు తగ్గిన పిదప కొత్త కేసు నమోదు చేయవలెను' అని వచ్చింది. ఊళ్లో ఆటోలన్నీ ఆ రోజు పెళ్లిబృందంతో పోయాయి. జిల్లా ఆఫీసుకి ఫోన్ చేస్తే సమీక్షలో ఉన్నారన్నారు. గౌరీశ్వరి నావైపు ఒక్కసారి చూసింది. పిల్లాడి ఊపిరి చప్పుడు మాత్రం నా బల్ల దాకా వినబడుతోంది.

బీరువా తలుపు అద్దంలోంచి అట్టపెట్టె మీది అంకెలు కనబడుతున్నాయి. ఇచ్చిన మందు: దగ్గు సిరప్పు, ఒక చెంచా. బ్యాచ్ నంబరు, తయారీదారు, గడువు, అన్నీ ఆ పెట్టెమీదివే. ఇచ్చినవారు: బొటనవేలు జేబులోంచి తీసి అద్దాను. పేరు పచ్చబడింది. కొత్త కేసు తెరిచాను, బండికి నంబరు వచ్చింది. నా ఉద్యోగ జీవితంలో పది సెకన్లలో పూర్తయిన ఫైలు అదొక్కటే.

మోక్షిత్ ఆరు రోజులు పెద్దాస్పత్రిలో ఉన్నాడు. అక్కడి డాక్టరుకి గౌరీశ్వరి తానే చెప్పింది, పిల్లాడికి ఏ సిరప్పూ పడలేదని, యాప్‌లో ఉన్నది నమ్మవద్దని. ఏడోరోజున బంగారమ్మ వాణ్ణి చంకనేసుకుని బస్సు దిగి సరాసరి మా దగ్గరికే వచ్చింది. వాడు మళ్లీ స్టాంపు ప్యాడు కోసం చెయ్యి చాపాడు. నేను బాత్రూంలోకి పోయి మొహం కడుక్కుని వచ్చాను.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. యాప్ అనుకోలేదు. నూట నలభై రోజుల దగ్గు ఒక్క చెంచాతో అదే నిమిషంలో మాయమైందని అది లెక్కకట్టి పైకి పంపింది. పైవాళ్లు ఆశ్చర్యపోయారు. సంఘం కూర్చుంది. చిదంబరేశ్వరరావుగారు 'దీర్ఘకాలిక శైశవ కాసలో ఏకచంచా విజయం' అని ఉపన్యసించారట, కాస అంటే దగ్గేనట. రెండు నెలలు తిరగక ముందే కొత్త ఉత్తర్వు వచ్చింది. క్షేత్రస్థాయిలో లభించిన తిరుగులేని ఆధారము దృష్ట్యా, ప్రయోగాత్మకంగా, చినతుమ్మాడ మండలంలో నాలుగేళ్లలోపు పిల్లలకు సిరప్పు నిషేధం సడలించడమైనది. ఫలితములు చూసి తక్కిన మండలములకు విస్తరింపబడును. వెంటనే నలభై పెట్టెలు దిగాయి. ఒక పెద్ద పోస్టరు కూడా వచ్చింది. అందులో అధికారిగారి చంకలో మోక్షిత్ నవ్వుతున్నాడు. కింద 'ఒక్క చెంచా చాలు' అని అక్షరాలు. తుమ్మే ముందు తీసిన ఫొటో అది.

గౌరీశ్వరి పెట్టెలు విప్పనంది. రెండో మెమో వచ్చింది, వారంలో సస్పెన్షన్ అని.

ఆ వారంలోనే బంగారమ్మ తన వీధిలో ఉండే రత్నాలు అనే పిల్లను వెంటబెట్టుకొచ్చింది. రత్నాలు ఒళ్లో ఏడు నెలల ఆడపిల్ల, ముక్కు బిగిసి సణుగుతోంది. గౌరీశ్వరి ఊపిరి లెక్కపెట్టి భయం లేదంది, చుక్కలూ పాలూ చెప్పింది, తేనె మాత్రం వద్దంది. రత్నాలు కదల్లేదు. పోస్టరువైపు వేలు చూపించి, మోక్షిత్‌కి పోసిన మందే తన పిల్లకీ పొయ్యమంది. మీరు పొయ్యకపోతే బజారులో కొని పోస్తానంది. మంచి తల్లే. గోడమీద సర్కారు రాసింది నమ్మింది, అంతే.

బంగారమ్మ పోస్టరు దగ్గరికి పోయి చాలాసేపు చూసింది.

"అదేటి బావూ, మా గుంటడికి ఆ మందు ఎప్పుడేసినారు?"

ఏదో సర్ది చెబుదామని నోరు తెరిచాను. ఏడు నెలల పిల్ల నా కళ్లద్దాల వైపే చూస్తోంది. "మోక్షిత్ ఆ మందు చుక్క కూడా తాగలేదమ్మా రత్నాలూ. బండి కోసం అబద్ధం రాశాను. రాసింది నేనే" అన్నాను.

"అబద్ధం రాయడానికి ఎంతసేపు పట్టినాది?" అంది బంగారమ్మ.

"పది సెకన్లు."

"మరి నిజం రాయడానికి ఎంతసేపు పడతాది?"

పందొమ్మిది రోజులు పట్టింది. దిద్దుబాటు ఫారంలో కారణం గడి ఉంది. సాంకేతిక లోపం, సర్వరు జాప్యం, టైపింగు పొరపాటు అని మూడే మాటలిచ్చారు. అబద్ధం అన్నది అందులో లేదు. అర్జీ రాసి, అది తిరిగొస్తే మళ్లీ రాసి, నకళ్లు అందరికీ పంపి, చివరికి జిల్లా కేంద్రంలో సమీక్ష జరుగుతుండగా లేచి నిలబడి చెప్పాను. నా రెండు ఇంక్రిమెంట్లు ఆపారు. మూడు సంజాయిషీలు అడిగారు. గౌరీశ్వరి సస్పెన్షన్ కాగితం మాత్రం టైపు దాకా వచ్చి ఆగింది. అది ఇచ్చేస్తే పెట్టెలు ఎందుకు విప్పలేదో ఫైల్లో రాయాల్సి వస్తుందని ఎవరికో తట్టింది.

దిద్దుబాటు అమలైన క్షణాన సిరప్పు ఎగిరిపోయి మోక్షిత్ పేరు మళ్లీ ఎర్రబడింది. తిరుగులేని ఆధారం తిరగబడింది గనక సడలింపును 'సదరు బిడ్డ దగ్గు కేసు పరిష్కారమగునంతవరకు' పక్కన పెట్టారు. నలభై పెట్టెలూ సీలు విప్పకుండానే వెనక్కి పోయాయి. పోస్టరు వెనకవైపు తెల్లగా ఉందని గౌరీశ్వరి దానిమీద ఊపిరి ఎలా లెక్కపెట్టాలో పెద్ద అక్షరాలతో రాసి, తిప్పి తగిలించింది. రత్నాలు కూతురు జలుబు వారానికల్లా పోయింది. మోక్షిత్‌కి మళ్లీ అవసరం పడితే నంబరు అడగని బండి ఉండాలని, ముగ్గురు ఆటోవాళ్ల ఫోన్ నంబర్లు బంగారమ్మ ఇంటి గోడమీద బొగ్గుతో రాసి వచ్చాను.

మొన్ననే వాడికి మూడేళ్లు నిండాయి. యాప్ లెక్కన ఇవాళ్టికి ఆరువందల డెబ్బై ఒక్క రోజులుగా దగ్గుతున్నాడు. ప్రతి నెలా ఒకటో తారీఖున జిల్లా నుంచి ఒకే ప్రశ్న వస్తుంది: బిడ్డకు దగ్గు తగ్గినదా? కిటికీలోంచి చూస్తాను. అంగన్‌వాడీ ముందు వాడు ఎవరి పలకో లాక్కుని పరుగెడుతుంటాడు, వెనక రత్నాలు కూతురు ఏడుస్తూ తరుముతుంటుంది.

'తగ్గలేదు' అని రాసి వేలిముద్ర వేస్తాను. ఇది నా రెండో అబద్ధం. దీన్ని దిద్దే ఉద్దేశం నాకు లేదు.